పట్టణపు గాలి – పసిబిడ్డల ఊపిరి

పట్టణములలో గాలి చెడిపోవుచున్నదను మాట నేడు అందరికిని పరిచితమే. ఆ మాట చెవిని బడినపుడు పల్లెలలో నివసించువారికి కొంత నిశ్చింత కలుగుట సహజము. "మా ఊరిలో కార్ఖానాలు లేవు, వేలకొలది మోటారు బండ్లు లేవు. చెట్టుగాలి, చెరువుగాలి పీల్చుకొను మాకు ఈ బాధ యేల? ఇది పురపాలక సంఘముల పనియే గాని పంచాయతీల పని గాదు" అని తలంచువారు పెక్కుమంది గలరు. ఈ తలంపులో కొంత నిజము లేకపోలేదు. కాని పూర్తి నిజము లేదు. ఆ మిగిలిన భాగమును గ్రామ పంచాయతీ సభ్యుల యెదుట నుంచుటకే మేమీ పాఠమును వ్రాయుచున్నాము.

మూడు కారణములచేత ఇది పల్లె విషయము కూడ అగుచున్నది. మొదటిది, మన బిడ్డలు పట్టణములకు పోవుచున్నారు. పంటపనులు ముగిసిన పిమ్మట తాపీపనికి, మట్టిపనికి, ఇటుక బట్టీలకు వలసపోవు కుటుంబములు చంకబిడ్డలను వెంటబెట్టుకొనియే పోవును. వారు గుడిసెలు వేసికొను చోట్లు రహదారుల ప్రక్కను, కట్టుచున్న మేడల నీడను, అనగా దుమ్మును పొగయు మిక్కిలిగా నుండు తావులనే ఉండును. రెండవది, పట్టణములే పల్లెల కడకు వచ్చుచున్నవి. నిన్నటివరకు వరిచేలుగా నున్న భూములలో నేడు ఇండ్ల స్థలములు, గిడ్డంగులు, పెద్ద రోడ్లు వెలయుచున్నవి. గాలికి పొలిమేర రాళ్ళు లేవు. మూడవది, పట్టణపు గాలిని చెడగొట్టు పొగలలో కొన్ని పల్లెలలోనే పుట్టుచున్నవి. ఈ మూడవ కారణమును ఒప్పుకొనుట కొంచెము కష్టము. అయినను పంచాయతీ చేయగల పని ఎక్కువగా అందులోనే యున్నది.

గాలిలో నున్నదేమి?

పొగలో కంటికి కనబడునది కొంత, కనబడనిది మరికొంత. కనబడు మసికంటె కనబడని సూక్ష్మధూళియే ఎక్కువ హానికరము. మిల్లీమీటరులో వేయవ వంతును మైక్రాను అందురు. రెండున్నర మైక్రానులకు మించని కణములను శాస్త్రజ్ఞులు పి.ఎం. 2.5 అని పిలుచుచున్నారు. మన తలవెండ్రుక మందములో ఇవి సుమారు 30వ వంతు మాత్రమే. పెద్ద దుమ్మును ముక్కులోని వెండ్రుకలు, చీమిడి, గొంతులోని కఫము కొంతవరకు పట్టి ఆపును. ఈ సూక్ష్మకణములను అవి ఆపలేవు. ఇవి ఊపిరితిత్తుల చివరి గదులవరకు పోవును. అందు మిక్కిలి చిన్నవి రక్తములో సైతము కలియును.

ఈ ధూళి ఎక్కడనుండి వచ్చుచున్నది? డీజిలు, పెట్రోలు బండ్ల పొగనుండి, బొగ్గు కాల్చు కేంద్రములనుండి, ఇటుక బట్టీలనుండి, రోడ్ల మీద లేచు దుమ్మునుండి, చెత్త మంటలనుండి, పొలములలో కాల్చు కొయ్యకాళ్ళనుండి, కట్టెలు పిడకలు మండు పొయ్యిలనుండి. దీనికి తోడు గంధకము కాలగా వచ్చు విషవాయువు, బండ్లనుండి వెడలు నత్రజని ఆక్సైడులు, ఎండలో వానినుండి పుట్టు ఓజోను కూడ గాలిలో కలియుచున్నవి.

మన దేశములో 2009లో నిర్ణయించిన ప్రమాణము ప్రకారము ఘనమీటరు గాలిలో పి.ఎం. 2.5 ధూళి సంవత్సరపు సగటున 40 మైక్రోగ్రాములు మించరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఈ హద్దును 5 మైక్రోగ్రాములుగా సూచించినది. ఈ రెండు అంకెల నడుమ నున్న దూరమును బట్టి మన ముందున్న పని ఎంత పెద్దదో ఊహింపవచ్చును. భారత ప్రభుత్వము 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమమును ప్రారంభించినపుడు, ప్రమాణములను అందుకొనని పట్టణముల పట్టికలో విజయవాడ, విశాఖపట్టణము, గుంటూరు, హైదరాబాదు, నల్లగొండ వంటివి చేరియున్నవి. ఆ పట్టణముల చుట్టును మన పల్లెలే గదా యున్నవి!

పిల్లలకే ఎక్కువ హాని యేల?

పెద్దవాడును పసివాడును ఒకే గాలిలో నిలిచినను ఇరువురికి సమానమైన హాని కలుగదు. దీనికి కారణములు స్పష్టముగా నున్నవి.

పెద్దవారు నిముషమునకు 12 మొదలు 20 మార్లు ఊపిరి తీయుదురు. అప్పుడే పుట్టిన శిశువు 40 మొదలు 60 మార్లు తీయును. శరీరపు బరువుతో పోల్చి చూచిన బిడ్డ పెద్దవానికంటె చాల ఎక్కువ గాలిని లోనికి తీసికొనుచున్నది. గాలి చెడ్డదైనచో ఆ చెడుగును ఆ లెక్కనే తీసికొనును.

బిడ్డ గాలిగొట్టములు సన్ననివి. వాపు వలన పెద్దవాని గొట్టము కొంచెము ఇరుకైనను పని జరుగును. అంతే వాపు బిడ్డ గొట్టమును సగము మూసివేయవచ్చును. పైరు కాలువలో నాలుగు చేతుల పూడిక పడిన ఏమియు కాదు. అంతే మట్టి బోదెలో పడిన నీరు ఆగిపోవును. ఇదియు అట్టిదే.

అన్నిటికంటె ముఖ్యమైనది మరొకటి. ఊపిరితిత్తులు పుట్టుకతో పూర్తి కావు. గాలి మార్పిడి జరుగు సన్నని గదులలో అధిక భాగము పుట్టిన తరువాతనే ఏర్పడును. ఊపిరితిత్తుల శక్తి ఇంచుమించు ఇరువది యేండ్ల ప్రాయమువరకు పెరుగుచునే యుండును. ఆ పెరుగుదల కాలములో కలిగిన లోటు పిమ్మట పూర్తిగా తీరుట కష్టము. నారుమడిలోనే ఎండిన నారు నాటిన తరువాత ఎంత ఎరువు వేసినను ఏపుగా పెరుగదని రైతుకు చెప్పనక్కరలేదు.

పైగా, పొగ భూమికి దగ్గరగా వ్యాపించును, పిల్లలు పొట్టివారు. పిల్లలు ఆరుబయట పరుగెత్తి ఆడుదురు. పరుగులో ఊపిరి మరింత లోతుగా పోవును. తమకు కలిగిన బాధను పసివారు చెప్పలేరు.

లండను నేర్చిన పాఠము

గాలి మనుష్యులను చంపగలదని లోకమునకు తిరుగులేకుండ చూపిన సంఘటన 1952 డిసెంబరులో లండను నగరములో జరిగినది. ఆ దినములలో లండను వాసులు చలి కాచుకొనుటకు ఇంటింటను బొగ్గు కాల్చెడివారు. డిసెంబరు 5వ తేదీనుండి 9వ తేదీవరకు గాలి కదలక నిలిచిపోయెను. నేలకు దగ్గరనున్న చల్లని గాలిపై వెచ్చని గాలి కుండమీది మూతవలె కూర్చుండెను. పొగ పైకి పోవుటకు దారి లేక మంచుతో కలిసి వీధులలో నిండెను. పట్టపగలు చేతులు చాచిన వ్రేళ్ళు కనబడని చోట్లుండెనట. ఆ పొగమంచు వలన సుమారు 4,000 మంది అధికముగా మరణించిరని మొదట లెక్కించిరి. తరువాతి కాలపు పరిశోధకులు ఈ సంఖ్యను 12,000 వరకు చూపిరి. చనిపోయినవారిలో వృద్ధులును, ఏడాది నిండని శిశువులును ఎక్కువగా నుండిరి.

మార్గశిర పుష్య మాసములలో తెల్లవారుజామున మన ఊళ్ళలో పొయ్యిల పొగ ఇండ్లమీద దుప్పటివలె పరచుకొని యుండుట మన మందరము చూచినదే. లండనులో జరిగినదియు ఆ విధముగనే జరిగినది, అక్కడ పొగ అపారము, ఇక్కడ కొంచెము, అంతే భేదము.

ఆ దుర్ఘటన తరువాత బ్రిటిషు పార్లమెంటు 1956లో స్వచ్ఛ వాయు చట్టమును చేసినది. సభ్యులు గమనింపవలసిన విశేష మేమనగా, ఆ చట్టమును అమలుజరుపు భారము ముఖ్యముగా స్థానిక సంస్థలపైన పెట్టబడినది. ఏ ప్రాంతములో పొగ రాకూడదో నిర్ణయించు అధికారము వానికే ఇచ్చిరి. పాత పొయ్యిలను మార్చుకొను గృహస్థులకు ఖర్చులో అధిక భాగమును సహాయముగా ఇచ్చిరి. ఆజ్ఞతోపాటు సహాయమును కూడ అందించిరి గనుకనే ఆ చట్టము పనిచేసినది.

ఏండ్ల తరబడి చేసిన పరిశీలనలు

లండను ఘటన ఐదు దినములది. ప్రతి దినము కొద్దికొద్దిగా పొగ పీల్చు పిల్లల సంగతి ఏమి? దీనిని తెలిసికొనుటకు ఓపికతో చేసిన పరిశీలనలు కొన్ని గలవు.

బ్రిటనులో 1946 మార్చి నెల మొదటి వారములో పుట్టిన వేలాది పిల్లలను పరిశోధకులు ఏండ్ల తరబడి గమనించుచు వచ్చిరి. వారిలో 3,800లకు పైబడిన పిల్లల ఆరోగ్యమును, వారు నివసించు చోట కాలు బొగ్గు పరిమాణమును డగ్లస్, వాలర్ అను ఇరువురు పోల్చి 1966లో ఫలితములను ప్రకటించిరి. ముక్కు గొంతులకు సంబంధించిన జబ్బులలో భేదము కనబడలేదు. కాని రొమ్ములోనికి దిగు జబ్బులు మాత్రము పొగ పెరిగినకొలది పెరిగినవి. ధనికుల పిల్లలకును పేదల పిల్లలకును ఈ విషయములో భేదము లేకపోయెను.

అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియాకు చెందిన 12 ఊళ్ళలో 1993నుండి ఎనిమిదేండ్లు 1,759 మంది పిల్లలను పదవ యేటినుండి పదునెనిమిదవ యేటివరకు పరీక్షించిరి. గాలి మిక్కిలి చెడియున్న ఊళ్ళలో ఊపిరి శక్తి తక్కువగా నున్న పిల్లలు, గాలి శుభ్రముగా నున్న ఊళ్ళకంటె సుమారు ఐదు రెట్లుండిరి. ఈ ఫలితములు 2004లో వెలువడినవి.

మన దేశములో ఢిల్లీ నగరపు 11,600 మందికి పైబడిన బడిపిల్లలను కలకత్తాలోని చిత్తరంజన్ జాతీయ క్యాన్సరు సంస్థవారు పరీక్షించిరి. వారిలో నూటికి 43.5 మందికి ఊపిరి శక్తి తగ్గియుండెను. పోలిక కొరకు పరీక్షించిన పల్లెపట్టుల పిల్లలలో ఈ సంఖ్య నూటికి 25.7 మాత్రమే. ఇందు పట్టణపు పిల్లల కష్టము కనబడుచున్నది. కాని పల్లె పిల్లలలో సైతము నలుగురిలో ఒకరికి లోటున్నదను సంగతిని మనము దాటిపోరాదు.

ఇంతవరకు చెప్పినది భయము కలిగించు మాట. ధైర్యము కలిగించు మాట కూడ ఒకటి కలదు. కాలిఫోర్నియాలో బండ్లపై, ఇంధనములపై కట్టుబాట్లు పెట్టి గాలిని క్రమముగా బాగుచేసిరి. పిమ్మట ఆ ప్రాంతపు ఊళ్ళలోనే తరువాతి తరముల పిల్లలను పరీక్షించిరి. పదునైదవ యేట ఊపిరి శక్తి తక్కువగా నున్నవారు మొదటి జట్టులో నూటికి 7.9 మంది, రెండవ జట్టులో 6.3 మంది, మూడవ జట్టులో 3.6 మంది మాత్రమే. గాలి బాగుపడిన బిడ్డల ఊపిరియు బాగుపడును. 2015లో ప్రకటింపబడిన ఈ ఫలితము, మన ప్రయత్నము వ్యర్థము కాదనుటకు నిదర్శనము.

ఇంటిలోని పొగ

పట్టణపు గాలిని గురించి మాటలాడుచు పల్లె వంటింటిని మరచుట న్యాయము కాదు. కిటికీ లేని గదిలో కట్టెపొయ్యి మండుచుండగా తల్లి ఊదుగొట్టముతో ఊదుచుండును. ఒడిలోనో ప్రక్కనో బిడ్డ యుండును. ఆ గంటసేపు ఆ బిడ్డ పీల్చు గాలి రద్దీగా నున్న పట్టణపు కూడలిలోని గాలికంటె మంచిది కాదు. ఇంటిలోని పొగ వలన 2020లో ప్రపంచమంతట 32 లక్షల మంది మరణించిరనియు, అందు 2,37,000 మందికి పైగా అయిదేండ్లలోపు పిల్లలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

గ్వాటెమాలా దేశపు కొండపల్లెలలో 2002 మొదలు 2004 వరకు సుమారు 530 ఇండ్లలో ఒక పరీక్ష జరిపిరి. సగము ఇండ్లకు పొగగొట్టము గల పొయ్యిలను ఇచ్చిరి. ఆ ఇండ్ల పిల్లలు పీల్చు పొగ ఇంచుమించు సగమైనది. తీవ్రమైన న్యుమోనియా సుమారు మూడవ వంతు తగ్గినది. కాని మొత్తము న్యుమోనియా ఆశించినంతగా తగ్గలేదు. దీనినుండి తెలియునది ఏమనగా, పొగ సగము తగ్గించుట మేలే గాని చాలదు. పొగ లేని ఇంధనమే కావలెను.

మన రాష్ట్రములో 1999లో దీపము పథకము ద్వారాను, దేశమంతట 2016నుండి ఉజ్జ్వల పథకము ద్వారాను పేద స్త్రీలకు వంటగ్యాసు అందినది. అయినను సిలిండరు ఇంటిలో నుండుట వేరు, దానిపై వంట జరుగుట వేరు. డబ్బు చాలక ఖాళీ సిలిండరును మూలనుంచి మరల కట్టెలపై వండుకొను ఇండ్లు ఎన్ని గలవో తమ వార్డులో ఒకసారి విచారింపుడని సభ్యులను కోరుచున్నాము.

మరొక మాట. శిశువునకు స్నానము చేయించి సాంబ్రాణి పొగ వేయుట మన ఇండ్లలో ప్రేమతో చేయు ఆచారము. దోమలు కుట్టకుండ పొగచుట్టలు వెలిగించుటయు బిడ్డ మేలు కోరియే. కాని మంచి వాసన గల పొగయు పొగయే. దోమలకు తెర మేలు. తడి తలకు పొడిగుడ్డ మేలు. ఈ మాటను అమ్మమ్మలతో నాయనమ్మలతో గౌరవముగా, వారి ప్రేమను తప్పుపట్టకుండ చెప్పవలెను.

ఒక పంచాయతీ ముందున్న ప్రశ్న

ఇపుడొక ఉదాహరణమును ఊహింతము. నగరమునకు ఇరువది కిలోమీటర్ల దూరములో ఒక గ్రామము. ఊరి చివర రోడ్డు ప్రక్కన పోరంబోకు స్థలము కలదు. నగరమునుండి ఒక గుత్తేదారు వచ్చి, ఆ స్థలములో చెత్త దించుకొననిచ్చినచో ఏటేట పంచాయతీకి సొమ్ము చెల్లింతునని చెప్పెను. పనికివచ్చు వస్తువులను ఏరుకొని మిగిలినది "శుభ్రము చేయుదు" ననెను. ఆ శుభ్రము చేయుట యనగా రాత్రివేళ తగులబెట్టుటయే. తీగలపై రబ్బరును కాల్చి రాగి తీయుట, టైర్లను కాల్చి ఇనుము తీయుట అందులోనివే.

పంచాయతీ సమావేశమైనది. "మన ఖజానా సంగతి మీకు తెలియనిది కాదు. పారిశుద్ధ్య పనివారికి మూడు నెలల జీతము బాకీ యున్నది. వచ్చు సొమ్మును కాదనుట ఎట్లు?" అని సర్పంచి యడిగెను. అది అబద్ధము కాదు. "ఏరుడు పనిలో మన పేటవారికి కూలి దొరకును గదా" అని ఒక సభ్యుడనెను. అదియు నిజమే. "పొగ రోడ్డుమీదుగా పోవును; మన ఇండ్లపైకి రాదు" అని మరొకడనెను.

అపుడు బడి ప్రక్కనున్న వార్డు సభ్యురాలు లేచి ఇట్లనెను. "అన్నయ్యా, గాలి ఏ పూట ఎటు వీచునో మీరు తీర్మానము వ్రాయగలరా? పైరగాలి తిరిగిననాడు అది నేరుగా అంగన్‌వాడీ మీదికే వచ్చును. జీతముల బాకీ నాకును తెలియును. ఆ బాకీని ఈ పిల్లల ఊపిరితో తీర్పవలదనియే నా మనవి."

ఈ మాటకు సభ మౌనము వహించియుండవచ్చును. కాని మౌనముతో పని తీరదు. వాదములను ఒక్కొక్కటిగా తూచవలెను. సొమ్ము సంగతి: ఏటికి వచ్చు అద్దె కంటికి కనబడును, దవాఖానాల చుట్టు తిరుగుటలో కుటుంబములు పోగొట్టుకొను కూలియు, మందుల ఖర్చును పంచాయతీ లెక్కలలో కనబడవు. కనబడనంత మాత్రమున అవి లేకపోవు. కూలి సంగతి: ఆ పని చేయువారును, వారి వెంట వచ్చు పిల్లలును మంటకు అందరికంటె దగ్గరగా నుందురు. కాల్చిన ప్లాస్టిక్కు, తీగల పొగలో సామాన్యపు మసియే గాక డయాక్సినులు మొదలగు విషములును, సీసము వంటి లోహములును ఉండును. చట్టము సంగతి: 2016లో వెలువడిన ఘనవ్యర్థ పదార్థముల నియమములు చెత్తను బహిరంగముగా కాల్చుటను నిషేధించినవి. అదే సంవత్సరము డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునలు, చెత్త కాల్చినవారికి 5,000 రూపాయలును, పెద్ద మొత్తమున కాల్చినవారికి 25,000 రూపాయలును అపరాధము విధింపవలెనని ఆజ్ఞాపించినది. కావున ఆ ఒప్పందము పంచాయతీకి రాబడి కాదు, చిక్కు.

ఇంతటితో ఆ పంచాయతీ "వద్దు" అని తీర్మానించెననుకొందము. కాని అంతలో ఒక వృద్ధుడు బయట అరుగుమీదనుండి, "అట్లయిన మన ట్రాక్టరు చెరువుగట్టున పోయు చెత్తను ప్రతి శనివారము ఎవరు ముట్టించుచున్నారు నాయనా?" అని యడిగినచో సభ్యులు ఏమి చెప్పగలరు? ఈ పాఠములో కఠినమైన ప్రశ్న ఇదియే. పరుల పొగను వద్దనుట తేలిక. మన పొగను మానుటయే పని.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిలు 24వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను అది పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. అందు ఆరోగ్యము–పారిశుద్ధ్యము, ఇంధనము–పశుగ్రాసము, స్త్రీ శిశు సంక్షేమము గలవు. పొగను గురించిన పని ఈ మూడింటిలోనికిని వచ్చును. ఈ క్రింది పనులకు పెద్ద ధనము అక్కరలేదు.

ఒకటి: చెత్త కాల్పరాదని గ్రామసభలో తీర్మానించి, మొదట పంచాయతీ సిబ్బందికే ఆజ్ఞ యియ్యవలెను. తడిచెత్తను వేరుచేసి ఎరువు చేయవలెను; ప్లాస్టిక్కును మూటగట్టి కొనువారికి అమ్మవలెను. ఆంధ్రప్రదేశములో చెత్తనుండి సంపద తయారుచేయు షెడ్లును, తెలంగాణములో 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి ద్వారా వచ్చిన ట్రాక్టర్లును, చెత్త వేరుచేయు షెడ్లును ఈ పని కొరకే యేర్పడినవి. మూతబడి యున్నచో తెరిపింపవలెను.

రెండు: వరి కొయ్యకాళ్ళు, పత్తికట్టె, చెరకు ఆకు కాల్పకుండ రైతులకు నచ్చజెప్పవలెను. కాల్చిన పొలములో పొగతోపాటు నేల సారమును పోవును. పదునులో దున్ని కలిపినచో అది ఎరువగును. గడ్డిని మోపు కట్టించినచో పశువులకు మేతయగును. రైతు తొందర యేమనగా తరువాతి పంటకు వ్యవధి లేకపోవుట. కావున కట్టలు కట్టు యంత్రమును నలుగురు కలిసి అద్దెకు తెచ్చుకొను ఏర్పాటు చేయక కేవలము హెచ్చరించిన లాభము లేదు.

మూడు: ఇటుక బట్టీలకు అనుమతి వచ్చినపుడు దూరము చూడవలెను. క్రొత్తగా స్థాపింపబడు బట్టీ నివాసములకును, పండ్లతోటలకును కనీసము 800 మీటర్ల దూరములో నుండవలెనని కేంద్ర ప్రభుత్వము 2022 ఫిబ్రవరిలో నియమము చేసినది. బట్టీలో పనిచేయు కుటుంబముల పిల్లలు అంగన్‌వాడీకి పోవుచున్నారా యని కూడ విచారింపవలెను. వారు పరాయి జిల్లావారైనను ఆ కాలమున మన ఊరి పిల్లలే.

నాలుగు: బడిని కాపాడవలెను. మధ్యాహ్న భోజనపు వంట కట్టెలపై జరిగి తరగతులలోనికి పొగ వచ్చుచున్నచో గ్యాసు ఏర్పాటు చేయవలెను. బడి ముందు బండ్లు యంత్రమును ఆపకుండ నిలుపరాదు. ఊడ్చుటకు ముందు నీరు చిలుకరింపవలెను; కళ్ళాపి చల్లుట మన పూర్వులకు తెలిసిన విద్యయే.

ఐదు: భోగిమంటలలో పాత టైర్లు, ప్లాస్టిక్కు వేయకుండ పండుగకు ముందే దండోరా వేయింపవలెను. పిడకలును కట్టెలును పండుగకు చాలును. రబ్బరు వేసిన అది భోగి కాదు, రోగము.

ఆరు: పట్టణమునకు పోవు కుటుంబములకు చెప్పి పంపవలెను. గాలి నాణ్యత సూచిక 50వరకు బాగు, 51 మొదలు 100 వరకు ఫరవాలేదు. 200 దాటిన చెడు, 300 దాటిన మిక్కిలి చెడు, 400 దాటిన తీవ్రము. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలివారి సమీర్ అను యాప్‌లో ఫోనులోనే దీనిని చూడవచ్చును. చెడ్డ దినములలో ఉదయపు పొగమంచులో పిల్లలను పరుగెత్తనీయరాదు. ఉబ్బసము గల బిడ్డ మందు వెంటనుండవలెను.

బిడ్డ జబ్బుపడినపుడు

గాలి బాగుపడుటకు ఏండ్లు పట్టును. జబ్బుపడిన బిడ్డకు ఈ రాత్రియే సహాయము కావలెను. కావున ప్రతి సభ్యుడును ఈ గుర్తులు నేర్చుకొనవలెను. బిడ్డ ఏడ్వక నెమ్మదిగా నున్నపుడు రొమ్ముపై గుడ్డ తొలగించి, గడియారము చూచుచు పూర్తిగా ఒక నిముషము ఊపిరులు లెక్కింపవలెను. రెండు నెలల లోపు శిశువునకు 60, రెండు నెలలనుండి ఏడాది లోపు 50, ఏడాదినుండి అయిదేండ్ల లోపు 40, లేక అంతకు మించి యున్నచో న్యుమోనియాయని అనుమానించి వెంటనే వైద్యునికి చూపవలెను.

ఊపిరి తీయునపుడు డొక్కలు లోనికి పోవుట, పాలు త్రాగలేకపోవుట, త్రాగినదెల్ల కక్కుట, మగతగా నుండుట, మూర్ఛ వచ్చుట, పెదవులు నీలి రంగు దాల్చుట, ఇవి ప్రమాద చిహ్నములు. ఇందు ఏ ఒక్కటి కనబడినను తెల్లవారువరకు వేచియుండక 108కి ఫోను చేయవలెను. వాతలు పెట్టుట, పసరులు పోయుట వలన విలువైన కాలము పోవును. దగ్గరి ఉపకేంద్రపు నర్సమ్మ, ఆశా కార్యకర్త ఫోను నంబర్లను ప్రతి వీధిలో గోడపై వ్రాయించుట పంచాయతీకి ఒక్క దినపు పని.

నివారణకు టీకాలు గలవు. న్యుమోనియా కలిగించు ఒక ముఖ్యమైన సూక్ష్మజీవిని ఎదుర్కొను న్యూమోకోకల్ టీకా 2017లో మన దేశపు సార్వజనిక టీకా కార్యక్రమములో ప్రవేశించి 2021 నాటికి దేశమంతటికి విస్తరించినది. ఆరు వారములకు, పదునాలుగు వారములకు, తొమ్మిది నెలలకు దీనిని ఉచితముగా వేయుదురు. తట్టు టీకాయు, మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇచ్చుటయు, మంచి తిండియు బిడ్డ ఊపిరికి రక్షణలే. వలసపోవు కుటుంబముల బిడ్డలకు టీకా కార్డు వెంట ఇచ్చి పంపుట మరువరాదు.

ముగింపు

నీరు చెడిన కనబడును, త్రాగుట మానవచ్చును. అన్నము చెడిన వాసన వచ్చును, పారవేయవచ్చును. గాలి చెడినను పీల్చుట మానుటకు వీలులేదు. పెద్దవాడు మరొక చోటికి పోవచ్చును. పసిబిడ్డ ఎత్తుకొని పోయిన చోటికే పోవును. ఆ బిడ్డ తరఫున ఆలోచించువారు ఎవరైనను ఉండవలెను గదా! ఓటు లేని ఆ చిన్నవారు కూడ తమ వార్డువారేయని సభ్యులు తలంపవలెనని మా మనవి.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామములో నిన్న ఎన్ని చోట్ల చెత్త కాలినది? ముట్టించినవారు ఎవరు, ఎవరి ఆజ్ఞపై?

2. గ్యాసు ఉండియు కట్టెలపై వండు ఇండ్లు ఎన్ని? దానికి కారణమేమి?

3. గడచిన చలికాలములో దగ్గు, ఆయాసములతో దవాఖానాకు పోయిన అయిదేండ్లలోపు పిల్లలు ఎందరు? ఏ వీధులవారు?

4. ఈ నెలలోనే, ఖర్చు లేకుండ, మనము ఆపగల పొగ ఏది?

నాలుగవ ప్రశ్నకు సమాధానము దొరికినచో, తీర్మానపు పుస్తకములో దానిని మొదట వ్రాయుడు. మిగిలిన మూడింటి లెక్క వచ్చు సమావేశమునకు సిద్ధపరుపుడు.